షుగర్ ఉన్న మనిషికి ఒక కాలిలో విరిగిన ఎముక, మరో కాలికి మానని పుండు: పరిశోధనల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న — నాన్నకు తోడు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. మెట్టు తప్పి పడటంతో కుడి చీలమండ విరిగింది, ప్లేటు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. ఆ కాలి మీద బరువు వేయకూడదన్నారు కాబట్టి వాకర్ పట్టుకుని ఎడమ కాలి మీదే భారం మోపుతూ నెట్టుకొచ్చారు. అంతలో ఎడమ అరికాలిలో, బొటనవేలి మొదట్లో ఉన్న ఆనెకాయ కింద పుండు పడింది. నొప్పి తెలియకపోవడం వల్ల సాక్సుకు మరక అంటేదాకా ఆయన దాన్ని గమనించనే లేదు. ఇప్పుడు కుడి వైపు ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతోందని ఎక్స్-రే చూసినవారు చెబుతున్నారు, ఎడమ వైపు పుండు మూతపడటం లేదు.

కలిసిన ప్రతివారూ ఒక కొత్త చికిత్స పేరు చెబుతున్నారు. ఎముకకు అల్ట్రాసౌండ్ పరికరం పెట్టించమని ఒకరు, గాయంలోని స్రావాన్ని పీల్చేసే నెగెటివ్ ప్రెషర్ కట్టు పుండుకు వేయించమని మరొకరు, అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గదికి తీసుకెళ్లమని ఇంకొకరు, కణాల పెరుగుదలను ప్రేరేపించే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ గురించి మరొకరు. వీటి మీద జరిగిన క్లినికల్ ట్రయల్స్ సారాంశాలను ఓపికగా చదివాను. ఒకే చికిత్స ఒక ట్రయల్‌లో బాగా పనిచేసిందని, మరో ట్రయల్‌లో తేడా ఏమీ లేదని రాసి ఉంది. రెండూ పేరున్న పత్రికల్లోనే వచ్చాయి. ఈ పొసగనితనానికి కారణమేమిటో, రెండు సమస్యలూ కలిసి ఉన్న నాన్నగారి వంటివారికి ఆ ఫలితాలు ఎంతవరకు వర్తిస్తాయో, వచ్చేసారి డాక్టర్లను కలిసినప్పుడు ముందుగా దేని గురించి అడగాలో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు 1 — ఎముకల సర్జన్

మీ నాన్నగారిని పరీక్షించకుండా ఆయనకు ఏది చేయాలో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. పరిశోధనల వరకు నాకు తెలిసినది రాస్తాను.

ముందుగా ఎముక సంగతి. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది, ఆ తర్వాత మెత్తని మృదులాస్థి వంతెనలా ఏర్పడుతుంది, అది క్రమంగా గట్టి ఎముకగా మారి, నెలల తరబడి తన ఆకారాన్ని దిద్దుకుంటుంది. మధుమేహంలో ఈ వరుస అంతా మందగిస్తుంది. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో, ఆ మృదులాస్థి ఎముకగా మారవలసిన సమయానికి ముందే కరిగిపోతున్నట్టు, వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌కు అందులో పాత్ర ఉన్నట్టు కనిపించింది. ఇక మనుషుల్లో మరో చిక్కు ఉంది. టైప్ 2 మధుమేహం ఉన్నవారి ఎముక సాంద్రత స్కానింగ్‌లో మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనిపించినా, ఎముకలు విరిగే ప్రమాదం మాత్రం వారికి ఎక్కువే. చక్కెర పట్టి గట్టిపడిన కొల్లాజెన్ వల్ల ఎముక నాణ్యత దెబ్బతినడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు.

మీరు అడిగిన అల్ట్రాసౌండ్ పరికరం కథ ఈ చర్చకు చక్కగా సరిపోతుంది. 1994లో వెలువడిన ఒక ట్రయల్‌లో, పిండికట్టు వేసిన కాలి పెద్ద ఎముక విరుగుళ్లు 67 తీసుకుని, సగం మందికి రోజూ 20 నిమిషాలు తక్కువ తీవ్రత గల అల్ట్రాసౌండ్ ఇచ్చారు. అతుక్కోవడానికి పట్టిన కాలం సగటున 154 రోజుల నుంచి 96 రోజులకు తగ్గిందని తేలింది. అంత తేడా చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ తర్వాత 2016లో వచ్చిన ట్రస్ట్ అనే ట్రయల్‌లో, అదే ఎముక విరిగి లోపల రాడ్డు వేయించుకున్న 501 మందిని తీసుకుని, సగం మందికి పనిచేసే పరికరం, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త పరికరం ఇచ్చారు. రోగి తిరిగి మామూలుగా కదలగలగడంలో గాని, ఎక్స్-రేలో ఎముక అతుక్కోవడంలో గాని తేడా కనబడలేదు. దాంతో 2017లో బీఎంజే పత్రిక ప్రచురించిన సిఫారసు పత్రం ఈ పరికరాన్ని విరిగిన ఎముకలకు వాడవద్దని గట్టిగానే చెప్పింది. మొదటిది 67 విరుగుళ్లు, రెండోది 501 మంది. మొదటిదానిలో మూల చికిత్స పిండికట్టు, రెండోదానిలో రాడ్డు. మూల చికిత్స మెరుగుపడినచోట, పైన చేర్చిన కొత్తదానికి చేయడానికి పని తక్కువే మిగులుతుంది.

ఎముకను పెంచే బీఎంపీ-2 ప్రోటీన్ విషయంలోనూ ఇదే జరిగింది. చర్మం చీలి బయటికి తెరుచుకున్న కాలి ఎముక విరుగుళ్లున్న 450 మందిపై 2002లో వచ్చిన ట్రయల్‌లో, ఎక్కువ మోతాదు ఇచ్చినవారికి మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే ప్రమాదం 44 శాతం తగ్గింది. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ వాడకానికి అనుమతి ఇచ్చింది. 2011లో, ఎముక లోపలి గుల్లను తొలిచి రాడ్డు వేసే పద్ధతిని అందరికీ పాటించి 277 మందిపై మళ్లీ పరీక్షించినప్పుడు, ఎముక తొందరగా అతుక్కున్న దాఖలా లేదు.

ఈ నాలుగు ట్రయల్స్‌లోనూ పరీక్షకు వచ్చినది మోకాలి కింది పెద్ద ఎముకే, చీలమండ కాదు. మీ నాన్నగారికి ఉన్న పరిస్థితిని, అంటే స్పర్శ లేని పాదంలో విరిగిన చీలమండను, ఈ పరిశోధనలు ప్రశ్నగా పెట్టుకోలేదు. అటువంటి చీలమండల గురించి ఎముకల సర్జన్ల అనుభవం, లభ్యమైన పరిశీలనలు చెప్పేది వేరు: మామూలు కంటే బలమైన ఫిక్సేషన్ (ప్లేట్లు, స్క్రూలతో ఎముకను బిగించడం) కావాలి, బరువు వేయని కాలం మామూలుకంటే బాగా పొడిగించాలి, తరచు రెట్టింపు చేస్తారు. తొందరపడితే ప్లేటు వదులవడమో, కీలు వంకరపోవడమో, ఇంకా భయపడవలసిన షార్కో పాదం (స్పర్శ లేని పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతిని ఆకారం చెడటం) మొదలవడమో జరగవచ్చు. స్పర్శ లేని పాదం వేడెక్కి, ఎర్రబడి, వాచితే అది ఎప్పుడూ ఇన్ఫెక్షనే అనుకోకూడదు, లోపల ఎముకలు నలుగుతుండవచ్చు.

అందుకే ఆలస్యంగా అతుక్కుంటోందన్న మాట విని నేను పరికరం వైపు చూడను. ముందు ఇవి అడుగుతాను: ప్లేటు కదిలిందా, ఇన్ఫెక్షన్ ఉందా, ఆయన ఆ కాలి మీద రహస్యంగానైనా అడుగు వేస్తున్నారా, పొగ తాగుతారా, చక్కెర అదుపులో ఉందా, డి విటమిన్ చూశారా. వీటికి సమాధానాలు దొరికేదాకా కొత్త పరికరం గురించిన చర్చ అసలు మొదలుపెట్టవలసినది కాదు.

జవాబు 2 — పాదాల క్లినిక్ నర్సు

పైన డాక్టరు గారు ఎముక గురించి చెప్పారు, పుండు గురించి నేను చెబుతాను. ఈ పుండు మందు లేక మానకుండా ఉందని అనుకోకండి. అరికాలిలో బొటనవేలి మొదట్లో పడిన పుండు, నడిచే ప్రతి అడుగులోనూ నలుగుతూ ఉంటుంది. ఆ నలుగుడు ఆగకుండా దాని మీద ఎంత ఖరీదైన డ్రెస్సింగ్ వేసినా ప్రయోజనం తక్కువ.

దీన్ని ట్రయల్స్ స్పష్టంగా చూపించాయి. 2001లో వచ్చిన ఒక ట్రయల్‌లో, అరికాలి పుండ్లున్న 63 మందిని మూడు బృందాలుగా చేశారు. పాదమంతా అంటిపెట్టుకునే, విప్పడానికి వీలులేని పిండికట్టు వేసినవారిలో 12 వారాలకు 89.5 శాతం మందికి పుండు మానింది. విప్పి పెట్టుకునే బూటు వాడినవారిలో 65 శాతం, పాదం ముందు భాగం మీద బరువు పడనివ్వని సగం చెప్పు వాడినవారిలో 58.3 శాతం. బూటు పిండికట్టుతో సమానంగా ఒత్తిడిని తగ్గించగలదు, కానీ విప్పవచ్చు. 2003లో, విప్పగలిగే బూటు ఇచ్చిన రోగుల అడుగులను పరికరంతో లెక్కించినప్పుడు, వారి రోజువారీ నడకలో 28 శాతం మేరకే అది కాలికి ఉందని తేలింది. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లే నాలుగు అడుగులకు బూటు ఎవరు తొడుక్కుంటారు? నొప్పి లేని పాదం ఆ తొందరను ఆపదు. అంతర్జాతీయ మధుమేహ పాద బృందం 2023 మార్గదర్శకాల్లోనూ పాదం ముందు, మధ్య భాగాల పుండ్లకు, మోకాలి దాకా ఉండి విప్పలేని సాధనాన్నే మొదటి ఎంపికగా పెట్టారు. రక్తప్రసరణ లోపం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ ఎంపికను మార్చుకోవాలని కూడా చెప్పారు.

మీ నాన్నగారి సమస్యలో కష్టమైన ముడి ఇక్కడే ఉంది. కుడి కాలు బరువు మోయకూడదు, ఎడమ కాలు కూడా మోయకూడదు. ఎముకల సర్జన్, పాదాల బృందం వేరువేరు రోజుల్లో చూస్తే, ఒక్కొక్కరు తమ కాలికి సరైన సలహా ఇస్తారు, కలిపి చూస్తే ఆ సలహాలు ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఈ దశలో వీల్‌చైర్ వాడటం, మంచం నుంచి కుర్చీకి బరువు వేయకుండా ఎలా జరగాలో ఫిజియోథెరపిస్టు చేత నేర్పించడం, ఇద్దరు డాక్టర్లూ ఒకేసారి కూర్చుని నిర్ణయించడం గురించి గట్టిగా అడగండి.

మరో విషయం, కుళ్లిన కండను, పుండు అంచున పేరుకున్న ఆనెకాయను క్రమంగా తీయడం. పుండు పైకి చిన్న నోరులా కనిపిస్తుంది, అంచున తెల్లగా గట్టిపడిన ఆనెను బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తే, కింద అనుకున్నదానికంటే వెడల్పైన గుంట బయటపడుతుంది. ఆ గట్టి అంచు ఉన్నంతకాలం అది లోపలికి నొక్కుతూనే ఉంటుంది, కొత్త చర్మం దాని మీదుగా పాకలేదు. గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ తొలి ట్రయల్స్‌లో ఒకదాని సమాచారాన్ని 1996లో పరిశీలించినప్పుడు, ఈ శుభ్రం చేసే పని తరచుగా చేసిన కేంద్రాల్లో ఎక్కువ పుండ్లు మానాయని, మందు వచ్చినవారికీ రానివారికీ ఇది వర్తించిందని కనిపించింది.

పుండు సరైన దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక మంచి కొలమానం ఉంది. పారదర్శక ఫిల్ము మీద పుండు హద్దులు గీసి విస్తీర్ణం లెక్కించండి అని అడగండి. 2003లో 203 మందిపై వచ్చిన విశ్లేషణలో, 4 వారాల్లో విస్తీర్ణం 53 శాతం కంటే ఎక్కువ తగ్గినవారిలో 58 శాతం మందికి 12 వారాలకు పుండు మానింది, అంతకన్నా తక్కువ తగ్గినవారిలో 9 శాతం మందికే మానింది. నాలుగు వారాల తర్వాత కూడా సగం తగ్గకపోతే, రక్తప్రసరణ, ఇన్ఫెక్షన్, ఒత్తిడి మూడింటినీ మళ్లీ మొదటి నుంచి చూడవలసిందే.

జవాబు 3 — ట్రయల్ గణాంకాలు

ఒకే చికిత్సకు రెండు ఫలితాలు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. ఏ ట్రయల్ చదివినా, కొత్త చికిత్స తీసుకున్న బృందం కంటే ముందు, మామూలు చికిత్స తీసుకున్న బృందాన్ని చదవండి.

పైన నర్సు గారు ఇచ్చిన 2001 ట్రయల్‌లో అన్నిటికన్నా తక్కువ ఫలితం వచ్చిన బృందంలోనే 12 వారాలకు 58 శాతం మందికి పుండు మానింది. 2018లో వెలువడిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్‌లో, సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ డ్రెస్సింగ్ గెలిచింది. అక్కడ 20 వారాలకు మానినది గెలిచిన బృందంలో 48 శాతం, మామూలు డ్రెస్సింగ్ బృందంలో 30 శాతం. అయితే ఈ డ్రెస్సింగ్ సగం చెప్పు కంటే హీనమని ఎవరూ అనుకోకూడదు. మొదటి ట్రయల్‌లో ఉన్నవారు రక్తప్రసరణ బాగున్నవారు, రెండోదానిలో ఉన్నవారికి నరాల లోపంతోపాటు రక్తనాళాల లోపమూ ఉంది. అంతేకాక అసలు ట్రయల్ మొదలుకాకముందు రెండు వారాలు అందరికీ మంచి మామూలు చికిత్స ఇచ్చి, ఆ గడువులో పుండు 30 శాతం మించి తగ్గినవారిని పక్కన పెట్టారు. అంటే మొండి పుండ్లే మిగిలాయి. రోగి రక్తం నుంచే తయారుచేసిన ల్యూకోప్యాచ్ ట్రయల్‌లోనూ, అదీ 2018లోనే, ఇటువంటి వడపోత నాలుగు వారాలు జరిగింది. అక్కడ 269 మందిలో మానినది ప్యాచ్ వేసిన బృందంలో 34 శాతం, మామూలు చికిత్స బృందంలో 22 శాతం. వేర్వేరు ట్రయల్స్ శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే చాలామంది అయోమయానికి మూలం. తేడాను ఒకే ట్రయల్ లోపల చూడాలి.

నెగెటివ్ ప్రెషర్ కట్టు ఇంకా మంచి ఉదాహరణ. 2005లో, మధుమేహం వల్ల పాదంలో కొంత భాగం తీసేసిన గాయాలున్న 162 మందిలో 16 వారాలకు 56 శాతం మందికి, మామూలు చికిత్సలో 39 శాతం మందికి గాయం మానింది. అదే సూత్రంపై పనిచేసే కట్టును తీవ్రమైన తెరిచిన కాలి విరుగుళ్లున్న 460 మందిలో పరీక్షించిన వోల్ఫ్ ట్రయల్‌లో, 2018లో, ఏడాది తర్వాత వైకల్యంలో తేడా లేదు. 2020లో జర్మనీ నుంచి వచ్చిన డయాఫు ట్రయల్‌లో మధుమేహ పాద గాయాలు పూర్తిగా మూతపడటంలోనూ తేడా చూపలేకపోయారు. ఆపరేషన్ తర్వాత మిగిలిన పెద్ద, లోతైన, శుభ్రమైన గాయం వేరు, మధుమేహ పాదంలో పడిన రకరకాల గాయాలు వేరు, ప్రమాదంలో చీలిన కాలు వేరు. పరికరం ఒకటే అయినా దాన్ని అడిగిన ప్రశ్న మూడుచోట్లా వేరు.

ఆక్సిజన్ గది మీద కూడా చిత్రం చెల్లాచెదురుగానే ఉంది. 2010లో స్వీడన్ నుంచి వచ్చిన ట్రయల్‌లో, ఏడాదికి పుండు మానినవారు ఆక్సిజన్ బృందంలో 52 శాతం, మామూలు గాలిని పీడనంతో ఇచ్చిన బృందంలో 29 శాతం. మొత్తం 94 మంది. 2016లో కెనడాలో 107 మందిపై, 2018లో నెదర్లాండ్స్‌లో 120 మందిపై జరిగిన ట్రయల్స్‌లో నమ్మదగిన లాభం కనబడలేదు. స్వీడన్ ట్రయల్‌లో ముఖ్యంగా కొలిచినది పుండు మానడం, కెనడా ట్రయల్‌లో కాలు తీయవలసిన స్థితి తప్పడం. ఇవి ఒకే సంగతి కావు. నెదర్లాండ్స్ ట్రయల్‌లో ఆక్సిజన్ బృందంలో అనేకమంది నిర్ణయించినన్ని విడతలు పూర్తి చేయలేకపోయారు. ఇది చికిత్స ఎంత భారమో కూడా చెబుతుంది.

పుండు మానిందంటే ఏమిటన్నది కూడా చూసుకోండి. 2006లో ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, పూర్తిగా చర్మం పట్టి, స్రావం లేక, డ్రెస్సింగ్ అవసరం లేని స్థితి రెండు వారాల ఎడంతో వరుసగా రెండుసార్లు నిర్ధారణ కావాలి. పుండు ఇంత శాతం చిన్నదైంది అని మాత్రమే చెప్పే పరిశోధన దీనికంటే బలహీనమైనది. ఎలుకల్లో మానిందని రాసినవాటికి ఇంకా తక్కువ బరువు ఇవ్వాలి. ఎలుక చర్మం కింది కండర పొర గాయాన్ని ముడిచి మూసేస్తుంది, మన చర్మం అంచుల నుంచి కొత్త కణాలు పాకి మూయవలసి వస్తుంది.

ఇక మీ నాన్నగారివంటి రోగుల గురించి. ఒక కాలిలో విరిగిన ఎముక, మరో కాలికి పుండు ఉన్నవారిని చాలా ట్రయల్స్ చేర్చుకోవు, ఎందుకంటే ఫలితం దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టమవుతుంది. పరిశోధకుడికి ఇది న్యాయమైన నియమమే. కానీ పడిపోయి, విరగ్గొట్టుకుని, ఆపైన పుండు తెచ్చుకునేది సరిగ్గా ఈ రోగులే కాబట్టి, వీరిని కలుపుకుని చేసే అధ్యయనాలు రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

నాన్నకు తోడు

మీ అందరికీ మనసారా కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. నిన్న డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నర్సు గారు మొద్దు కొన ఉన్న సన్నని ఇనుప పుల్లను పుండు లోపలికి పంపి చూశారు, లోపల గట్టిగా తగిలిందని రాసుకున్నారు. అది భయపడవలసిన విషయమా?

ఎముకల సర్జన్

దాన్ని తేలికగా తీసుకోవద్దు. పుండు లోపల ఎముక గట్టిగా, రాయిలా తగిలితే ఎముకకు ఇన్ఫెక్షన్ పాకి ఉండే అవకాశం పెరుగుతుంది. ఎక్స్-రే, రక్తపరీక్షలు, అవసరమైతే ఎంఆర్ఐ తీసి తేల్చుకోవాలి, వీలైతే ఎముక ముక్క తీసి ఏ బ్యాక్టీరియా ఉందో పరీక్షించాలి. కుడి కాలిలో లోహపు ప్లేటు ఉన్నదని పాదాల బృందానికి తప్పకుండా గుర్తుచేయండి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్తే దాన్ని కూడా చేరవచ్చు.

ఇన్ఫెక్షన్ అని తేలినా నెలల తరబడి సెలైన్ సూదులే గతి అనుకోవద్దు. ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లు ఉన్న 1,054 మందిపై 2019లో వచ్చిన ఓవివా ట్రయల్‌లో, మొదటి 6 వారాలు నోటి ద్వారా తగిన యాంటీబయాటిక్ తీసుకున్నవారి ఫలితాలు రక్తనాళం ద్వారా తీసుకున్నవారి ఫలితాల కంటే తీసికట్టుగా లేవు. బ్యాక్టీరియాకు సరిపోయే మందును ఎంచుకోగలిగితేనే ఇది వర్తిస్తుంది.

ఇదే సందర్భంలో ఎడమ కాలి వేలి దగ్గర రక్తపోటు కొలిపించండి. మధుమేహంలో ధమనులు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి చీలమండ దగ్గర కొలిచిన అంకె తప్పుగా బాగున్నట్టు చూపించవచ్చు. వేలి దగ్గర 30 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే రక్తనాళాల సర్జన్‌ను వెంటనే కలవాలి. జ్వరం, వణుకు, పాదం పైకి పాకే ఎరుపు, చెడు వాసన, వేలు నల్లబడటం వీటిలో ఏది కనిపించినా, తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.